బీరువా తాళం తీశాక

2023 జూన్‌లో బడి తెరిచిన రెండో వారం మా హెచ్.ఎం. గారు పిలిచి, "ఈ ఏడాది నుంచి లైబ్రరీ ఛార్జ్ మీరు చూసుకోండి మేడమ్" అన్నారు. బల్ల మీద తాళాల గుత్తి, అట్ట ఊడిన స్టాక్ రిజిస్టరు ఉన్నాయి. రిజిస్టరు చివరి పేజీలో నాకు ముందు ఛార్జ్ తీసుకున్నవాళ్ళ సంతకాలు ఆరో ఏడో కనిపించాయి. ప్రతి సంతకం పైనా ఒకటే మాట: 'సరిచూసుకుని స్వీకరించడమైనది.' నేనూ అదే రాసి సంతకం పెట్టాను. సరిచూసుకోలేదు. ఈ లైబ్రరీని బాగుచేసిన కథలో మొదటి తప్పు నాదే కాబట్టి దాంతోనే మొదలుపెడుతున్నాను.

మాది బాపట్ల జిల్లాలో, కృష్ణా కాలవల కింద ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. ఆరు నుంచి పది దాకా నాలుగు వందలకు కాస్త అటూ ఇటూగా పిల్లలు. సగం మంది చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సులో, ఆటోల్లో, సైకిళ్ళ మీద వస్తారు. నేను సోషల్ చెప్తాను. లైబ్రరీ సైన్సు చదవలేదు. మాలాంటి బడుల్లో లైబ్రేరియన్ అనే మనిషి మామూలుగా ఉండరు. ఎవరో ఒక టీచరుకి పాఠాలతో పాటు ఈ తాళాలు కూడా అంటగడతారు. అందుకని ఇందులో ఉన్నదంతా చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసి తెలుసుకున్నదే.

లైబ్రరీని 'ఈ కాలం పిల్లలకి తగ్గట్టు' మార్చాలని పేరెంట్స్ కమిటీ అప్పటికే ఒక మాట అనుకుంది. ఈ కాలం అంటే వాళ్ళ లెక్కలో నాలుగు కంప్యూటర్లు, గోడకో టీవీ, వీలైతే ఏసీ. నిజం చెప్పాలంటే నా లెక్క కూడా దాదాపు అదే.

గది చిన్నదేం కాదు, పొడవు ముప్ఫై అడుగులు, వెడల్పు ఇరవై. ఐదు బీరువాలు, అందులో నాలుగు ఇనుపవి, ఒకటి అద్దాల తలుపులున్న పాత టేకుది. రెండు ఇనుప బీరువాలు సరిగ్గా కిటికీలకి అడ్డంగా నిలబెట్టి ఉన్నాయి, పట్టపగలు కూడా లైటు వెయ్యాలి. మధ్యలో పొడవాటి బల్ల, దాని నిండా పాత జవాబు పత్రాల కట్టలు, పైన మధ్యాహ్న భోజనం తాలూకు ఖాళీ గుడ్ల అట్టలు. మొదటి బీరువా తలుపు లాగితే కలరా ఉండల వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. ఎదురుగా నీటి పొదుపు మీద పెద్దల కోసం రాసిన ఒక పుస్తకం, 38 కాపీలు, సరఫరా చేసిన రోజున కట్టిన పురికొస కట్టినట్టే ఉంది.

తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిది మందిని వెంట పెట్టుకుని నాలుగు రోజులు లెక్కపెట్టాను. రిజిస్టరులో 1,640 పుస్తకాలు. చేతికి దొరికినవి 1,212. వాటిలో మూడు వందల పైచిలుకు చెదలు తిన్నవి, సిలబస్ మారిపోయిన గైడ్లు, ఎవరూ చదవని నివేదికలు. దొరకని 428 పుస్తకాలు ఎప్పుడు, ఎవరి హయాంలో పోయాయో చెప్పేవాళ్ళు లేరు. కాగితం మీద మాత్రం అవి ఇప్పుడు నా దగ్గరున్నాయి.

తాళం వెనక భయం

లైబ్రరీ ఎందుకు మూసి ఉంటుందని అడిగితే అందరూ చెప్పేది పీరియడ్ లేదనో, మనిషి లేడనో. స్టాఫ్ రూంలో టీ తాగుతూ అడిగితే వేరే సంగతి బయటపడింది. నాకు ముందు ఛార్జ్ చూసిన ఒక సీనియర్ మాస్టారు సూటిగానే అన్నారు: "పోతే ఎవరు కడతారు మేడమ్? రిటైరయ్యే రోజున నో డ్యూస్ కాగితం దగ్గర ఆపేస్తే?" అలా ఆపేశారని విన్న కథలు ప్రతి మండలంలోనూ ఒకటి ఉంటుంది. నిజమెంతో తెలియదు గానీ, బీరువాలకి తాళం వేసింది ఆ కథలే. పుస్తకం చదవకపోతే ఎవరూ ఏమీ అనరు. పోతే మాత్రం సంజాయిషీ.

ఈ ముడి విప్పకుండా రంగులేసి, కుర్చీలు కొని ఉపయోగం లేదనిపించింది. మన దేశంలో లైబ్రరీ సైన్సుకి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిదే 'పుస్తకాలు ఉపయోగం కోసం' అని. స్టాఫ్ మీటింగులో అది చదివి వినిపిస్తే అందరూ తలూపారు, ఎవరి మనసూ మారలేదు. మారింది ఇంకో కాగితం వల్ల.

కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ అని ఉన్నాయి, 2017 నాటివి. వాటిలో 215వది లైబ్రరీ పుస్తకాల తనిఖీ గురించి. ఇరవై వేలకి మించని పుస్తకాలుంటే ఏటా పూర్తిగా లెక్క చూడాలి. ఇచ్చిన లేదా చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకి ఏడాదికి ఐదు పోతే అది సహజమైన నష్టమే, అందులో నిర్లక్ష్యమో, మోసమో లేకపోతే చాలు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైనదో పోతే మాత్రం విచారణ తప్పదు. ఈ నియమాలు కేంద్ర కార్యాలయాలకి. మా జిల్లా పరిషత్ బడికి నేరుగా వర్తించవు. అయినా ఒక ప్రభుత్వ కాగితం మీద 'పుస్తకాలు పోతాయి, పోవడం సహజం' అని రాసి ఉండడమే మా వాళ్ళకి పెద్ద విశేషం.

అందులో నన్ను పట్టుకున్నది ఇంకొకటి. వెయ్యి అన్నది బీరువాలో ఉన్న వెయ్యి కాదు, చేతులు మారిన వెయ్యి. ఎంత ఎక్కువ ఇస్తే అంత నష్టానికి చోటుంది. బీరువా తెరవకపోతే ఒక్క పుస్తకం పోవడానికి కూడా వీల్లేదు. అంటే తాళం వేసుకున్నవాళ్ళే ఎక్కువ ఇరకాటంలో ఉన్నారన్నమాట.

మా లెక్కల మాస్టారు అప్పటిదాకా దీన్నంతా ఒక వినోదంగా చూస్తున్నారు. ఈ లెక్క విని, "మరి రోజూ ఎన్ని తీశారో రాయండి ముందు, వాదన తర్వాత" అన్నారు. హెచ్.ఎం. గారు అదే పద్ధతిని మా బడికి నమూనాగా తీసుకుంటూ స్టాఫ్ మీటింగులో తీర్మానం రాయించి, అందరి చేతా సంతకాలు పెట్టించారు. పాత 428 పుస్తకాల కొరత గురించి వేరే కాగితం తయారుచేసి పైకి పంపారు. పంపిన కాగితానికి ఈరోజు దాకా జవాబు లేదు, కానీ పంపినట్టు మా ఫైల్లో ఉంది. ఉద్యోగం చేసేవాళ్ళకి ఆ తేడా తెలుసు.

చింతపిక్కల సర్వే

గదిలో ఏమీ మార్చకముందు, జులైలో ఒక వారం తలుపులు తీసి ఉంచాను. గుమ్మం దగ్గర ఐదు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక గిన్నెలో చింతపిక్కలు పెట్టాం. లోపలికి వచ్చినవాళ్ళు ఎందుకొచ్చారో ఆ డబ్బాలో ఒక పిక్క వెయ్యాలి. డబ్బాల మీద పేర్లు: కథల పుస్తకం, హోంవర్కు, పరీక్షల పని, స్నేహితుల కోసం, ఊరికే. రెండోరోజు ఎవరో 'ఊరికే' కొట్టేసి 'ఫ్యాను' అని రాశారు. వారం చివర్లో చూస్తే గెలిచింది ఆ డబ్బానే. దాని తర్వాత హోంవర్కు. కథల డబ్బాలో అడుగు కనిపిస్తోంది.

నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది గానీ, తర్వాత ఆలోచిస్తే ఫ్యాను కింద కూర్చోడానికి వచ్చిన పిల్లే రేపు పుస్తకం తీసే పిల్ల. రానివాళ్ళకి మనం ఏం చేయగలం?

చింతపిక్కలు చెప్పని సంగతి ఏడో తరగతి అమ్మాయి ఒకతె చెప్పింది. అద్దాల బీరువా దగ్గర నిలబడి, తలుపు తీసి, ఏమీ తీయకుండా మళ్ళీ మూసేసి వెళ్ళిపోతూ ఉంటుంది. రెండుసార్లు చూసి అడిగాను, ఏమ్మా అని. "బీరువా ముందు నిలబడితే మీరు నన్నే చూస్తా ఉంటారు మేడమ్. ఏది తియ్యాలో తెలీదు. తప్పుది తీస్తే ఏమంటారో అని తలుపేసేస్తా" అంది. నా కుర్చీ సరిగ్గా బీరువాలకి ఎదురుగా ఉంది. మర్నాడు కుర్చీ గుమ్మం పక్కకి, గోడవైపు తిప్పి వేసుకున్నాను. మొత్తం పనిలో పైసా ఖర్చులేని మార్పు ఇదొక్కటే, ఎక్కువ పనిచేసిందీ ఇదేనేమో.

వాళ్ళతో మాట్లాడగా తేలిన మిగతా అవసరాలు కూడా మేం అనుకున్నవి కావు. తొమ్మిదో తరగతి వాళ్ళకి ఎనిమిదిలో ఉండగా ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్‌లు ఉన్నాయి, బడిలో ఛార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్గు లేదు. ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష పాత ప్రశ్నపత్రాలు కావాలి. అది రాసి ఎంపికైతే ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వస్తుంది. పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీల గురించి ఎవరిని అడగాలో తెలియదు. ఇంట్లో కూర్చుని రాసుకునే చోటు లేదు. కంప్యూటర్ కావాలని అడిగినవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ గేముల కోసమే.

గది

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. సమగ్ర శిక్ష కింద వచ్చే లైబ్రరీ గ్రాంటు పుస్తకాలకి పోయింది. మిగతాది పూర్వ విద్యార్థుల దగ్గర వసూలు చేశాం. అన్నీ కలిపి యాభై వేలు దాటలేదు. అందులో ఎక్కువ తిన్నది వైరింగు, నాలుగు ప్లగ్ పాయింట్లు, మూడు ఫ్యాన్లు.

బీరువాల తలుపులు ఊడదీద్దామంటే హెచ్.ఎం. గారు ఒప్పుకోలేదు, అది ప్రభుత్వ ఆస్తి. తలుపులు బార్లా తెరిచి, పక్కలకి ఆనించి ఇనుప తీగతో కట్టేశాం. ఆస్తి ఆస్తిలాగే ఉంది, తాళం పడదు. నాలుగున్నర అడుగుల ఎత్తున రెండు ఇనుప ర్యాకులు ఊళ్ళో వెల్డింగు షాపులో చేయించాం. ఆరో తరగతి పిల్లాడి చెయ్యి పై అర దాకా అందాలన్నదే కొలత. గోడకి కర్టెన్ రాడ్లు బిగించి, సన్న పుస్తకాలు క్లిప్పులతో బొమ్మ కనిపించేలా వేలాడదీశాం. మొదట నైలాన్ తాడు కట్టాం గానీ, రెండు వారాలకే దండెంలా కిందికి జారింది.

ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకంలో కొత్త డ్యూయల్ డెస్కులు వచ్చాక పాత టేకు బల్లలు షెడ్డులో పడి ఉన్నాయి. వాటిని కండెమ్ (పనికిరానివి) జాబితాలో చేర్పించి, అనుమతి వచ్చాక వడ్రంగిని పిలిచాం. కాళ్ళు కోసి, చాప మీద కూర్చుని చదువుకునే బల్లలు చేద్దామని ఆలోచన. "ఎంత ఎత్తున కొయ్యమంటారు?" అన్నాడాయన. నాకేం తెలుసు? ఏడో తరగతి పిల్లాణ్ణి బాసింపట్టు వేసుకుని కూర్చోమని, నేల నుంచి మోచేతి దాకా టేపు పెట్టి కొలిచాను. తొమ్మిది అంగుళాలు. కోసేశాడు. పిల్లాడు కూర్చుంటే మోకాళ్ళు బల్ల కిందికి దూరలేదు. ఆ బల్ల ఇప్పుడు కుండీలు పెట్టుకోవడానికి పనికొస్తోంది. వడ్రంగి నవ్వి, మిగతావాటిని పన్నెండు అంగుళాలకి తానే గుర్తు పెట్టుకుని కోశాడు. మొదటే ఆయన్ని అడిగి ఉంటే ఒక మంచి టేకు బల్ల దక్కేది.

పుస్తకాలు సర్దడానికి, విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతి ప్రయత్నించాం. తెలుగు సాహిత్యం 894.827 కింద వస్తుంది. మా పుస్తకాల్లో మూడొంతులు ఆ ఒక్క నంబరు కిందే చేరాయి, పిల్లలకి అందులో దొరికేదేముంది? నంబర్లు లోపలి పేజీలో పెన్సిల్‌తో రాసి ఉంచి, వీపుల మీద రంగు టేపులు అంటించాం. కథలకి పసుపు, సైన్సుకి నీలం, జీవిత చరిత్రలకి ఎరుపు, పరీక్షల పుస్తకాలకి ఆకుపచ్చ. మూడోరోజుకి కమిటీలో ఒకాయన వచ్చి, పసుపు ఎందుకు ఎక్కువుంది, నీలం ఎందుకు తక్కువుందని అడిగాడు. మన రాష్ట్రంలో రంగులకి ఇంకో అర్థం ఉందని నాకు తట్టలేదు. నవ్వి ఊరుకునేదాన్నే. అదే వారం తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఎరుపు పుస్తకాలు తీసుకెళ్ళి ప్రతిసారీ ఆకుపచ్చ అరలో పెడుతున్నాడని కనిపెట్టాం. అల్లరి అనుకుని కోప్పడ్డాను కూడా. వాడికి ఆ రెండు రంగులూ ఒకేలా కనిపిస్తాయట, అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. టేపులు పీకేసి బొమ్మల స్టిక్కర్లు అంటించాం: ఆకు, చుక్క, చక్రం, పిట్ట. రాజకీయం కూడా దాంతో పోయింది.

కంప్యూటర్ సంగతి. ఒక పాత డెస్క్‌టాప్ మీద లైబ్రరీల లెక్కలు చూసే కోహా అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలని రెండు వారాలు కుస్తీ పట్టాను. అది మంచి సాఫ్ట్‌వేరే, ఉచితం కూడా. కానీ నేను సెలవు పెడితే దాన్ని నడిపేవాళ్ళు లేరు. చివరికి ఒక స్ప్రెడ్‌షీట్‌లో పేర్లు ఎక్కించాం. పిల్లలు ఫోన్లో తెలుగులో చదివితే అది టైపు చేసుకునేది. అది చేసిన తప్పులు చదువుకుని వాళ్ళు ఒక మధ్యాహ్నమంతా నవ్వారు. పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో ఉచితంగా దొరికే తెలుగు కథలు ఆ డెస్క్‌టాప్ మీదే దింపి, కొన్ని ప్రింటు తీసి కుట్టాం.

తుఫాను

ర్యాకుల్ని నేను కిటికీల పక్కన పెట్టించాను. బీరువాలు జరిపాక వెలుతురు బ్రహ్మాండంగా వచ్చింది, అక్కడ పుస్తకాలు బాగా కనిపిస్తాయని నా ముచ్చట. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. బడి తెరిచి చూస్తే కిటికీ రెక్క ఒకటి ఊడి ఉంది, ర్యాకులోని మూడు అరలు తడిసి ముద్దయ్యాయి. నూట నలభై పుస్తకాలు.

ఆ రోజు పాఠాలు జరగలేదు. బల్లల మీద పుస్తకాలు నిలువుగా విప్పి నిలబెట్టి, పేజీల మధ్య దినపత్రిక ముక్కలు పెట్టి, గంటకోసారి మార్చాం. కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు. పాత నాసిరకం కాగితం మీద అచ్చేసినవి ఉబ్బాయి గానీ ఆరాయి, చదవొచ్చు. నున్నటి మెరిసే కాగితంవి మాత్రం ఆరే కొద్దీ పేజీలు ఒకదానికొకటి అంటుకుని అట్టముక్కల్లా అయిపోయాయి. వాటి మధ్య ముందు కాగితాలు పెట్టి ఉంటే కొన్నైనా దక్కేవి. మాకు తెలియక వరసలో వచ్చినవి వచ్చినట్టు ఆరబెట్టాం. అలా పోయిన నలభైలో ఎక్కువ ఆ ఏడాది కొన్న రంగు బొమ్మల పుస్తకాలే.

తర్వాత ర్యాకులు లోపలి గోడకి, చాపలు కిటికీల కిందికి మారాయి. వెలుతురు కావాల్సింది చదివేవాళ్ళకి. పుస్తకానికి దాంతో పనేముంది, ఎండకి వీపులు వెలిసిపోవడం తప్ప. మొదటి రోజే తట్టాల్సింది.

నాలుగు నుంచి నాలుగుముప్పావు

గది బాగుపడినా మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో తొక్కిసలాట, మిగతా అప్పుడు ఖాళీ. మారింది టైము వల్ల. నాలుగింటికి ఆఖరి బెల్లు, పల్లెవెలుగు బస్సు నాలుగుముప్పావుకి. ఆ ముప్పావుగంట మూడు ఊళ్ళ పిల్లలు రోడ్డు పక్క చెట్టు కింద నిలబడేవాళ్ళు. లైబ్రరీ అసలు గంట అదే అని పెట్టాం.

మాకు దగ్గర్లోనే, కొల్లూరుకీ పెదవడ్లపూడికీ మధ్య కాలవ మీద 1935లో పడవలో లైబ్రరీ నడిపారు. ఊళ్ళ రేవుల్లో ఆగుతూ పుస్తకాలు ఇచ్చేది. గ్రంథాలయ ఉద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి చలవ అది. నేను పాఠంలో ఆ సంగతి చెబితే ఒక పిల్లాడు, "అంటే జనం ఎక్కడ ఆగుతారో అక్కడికెళ్ళింది కదా మేడమ్" అన్నాడు. మా జనం బస్సు కోసం ఆగుతున్నారు.

సాయంత్రం ముప్పావుగంట నేను రోజూ ఉండలేను. కౌంటరు తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరికి అప్పగించాం, రెండో తాళం చెవి వాళ్ళ దగ్గరే. స్టాఫ్‌లో ఇద్దరికి ఇది నచ్చలేదు. కానీ అమ్మాయిలు కౌంటరులో కూర్చున్నాక మిగతా ఆడపిల్లలు గదిలోకి రావడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆ గది ఫ్యాన్ల కింద మగపిల్లల రాజ్యం. నేనది ఊహించి చేసింది కాదు.

పదో తరగతి దగ్గర మాత్రం ఓడిపోయాను. సంక్రాంతి దాటాక వాళ్ళకి స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు. గదిని స్టడీ హాలు చేద్దామన్నారు, సగం ఇచ్చాను. వాళ్ళొచ్చాక చిన్న పిల్లలు భయపడి రావడం మానేశారు. మరుసటి ఏడు ఇవ్వనన్నాను, అప్పుడు పదో తరగతి వాళ్ళే పూర్తిగా దూరమయ్యారు. ఫలితాల ఒత్తిడి ముందు నా దగ్గర జవాబు లేదు.

లెక్క

2023-24లో ఇంటికిచ్చిన పుస్తకాలు 2,380. ఆ 215వ నియమం చొప్పున పన్నెండు పోవచ్చు. ఏప్రిల్‌లో లెక్క చూస్తే 27 లేవు. వేసవి సెలవుల్లో ఆరు తిరిగొచ్చాయి, ఒకటి గోడ మీంచి ఎవరో లోపలికి వేసి వెళ్ళారు. ఇంకా తొమ్మిది ఎక్కువ. గదిలో కూర్చుని చదివినవీ లెక్కలోకి వస్తాయి కాబట్టి అవి కలిపితే హద్దులోనే ఉంటామని నేను వాదించాను. "చింతపిక్కలు ఆడిట్‌కి పెడతారా?" అన్నారు లెక్కల మాస్టారు. ఆయన మాట నిజమే, మొదటి ఏడాది మేం కూర్చుని చదివినవి నోటుబుక్కులో రాయలేదు. తొమ్మిది పుస్తకాలూ స్టాఫ్ తలా కొంత వేసుకుని కొన్నాం. అందులో ఆయన వాటా కూడా ఉంది. పోయినవాటిలో ఎక్కువ ఎన్.ఎం.ఎం.ఎస్. గైడ్లు, తర్వాత దెయ్యాల కథలు. నీటి పొదుపు పుస్తకం ఒక్కటీ పోలేదు.

రెండో ఏడాది గైడ్లు ఇంటికివ్వడం మానేసి, పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించి దారానికి కట్టి ఉంచాం. చిరిగితే మళ్ళీ జిరాక్స్. కూర్చుని చదివినవి కౌంటరు అమ్మాయిలు రోజూ గీతలు గీసి రాశారు.

2025 వేసవి బదిలీల్లో నాకు వేరే మండలం వచ్చింది. ఛార్జ్ తీసుకోవడానికి వచ్చిన హిందీ టీచరుకి రిజిస్టరు ఇచ్చి, సంతకం చోటు చూపించాను. ఆవిడ పెన్ను మూత పెట్టేసి, "ఒక్కో పుస్తకం చూద్దామండీ, ఏమనుకోకండి" అన్నారు. రెండు రోజులు పట్టింది. పద్నాలుగు కనిపించలేదు. వాటి పేర్లు ఒక కాగితం మీద రాసి, ఇద్దరం కింద సంతకాలు పెట్టాం. రెండో తాళం చెవి ఏదని అడిగారు. పదో తరగతికి వెళ్ళబోతున్న అమ్మాయి ఇంట్లో ఉందని చెప్పాను.